‘బై’ అన్నారని కొనవచ్చా? విశ్లేషకుల రేటింగులపై శ్రీకాకుళం స్టూడియోలో చర్చ

(పాల్గొన్నవారు: పట్టణంలో ప్రాక్టీసు చేస్తున్న చార్టర్డ్ అకౌంటెంటు, పలాస జీడిపప్పు వ్యాపారి, ఆమదాలవలసకు చెందిన విశ్రాంత ఉపాధ్యాయిని.)

సమన్వయకర్త: నమస్కారం. షేర్లు కొనే ముందు బ్రోకరేజీ సంస్థల విశ్లేషకులు ఇచ్చే ‘బై’ (కొనండి), ‘హోల్డ్’ (ఉన్నవి ఉంచుకోండి), ‘సెల్’ (అమ్మండి) రేటింగులను చూసేవారు మన జిల్లాలోనూ ఉన్నారు. టీచర్ గారూ, మీ అనుభవంతో మొదలుపెడదాం.

ఉపాధ్యాయిని: పదవీ విరమణ తరువాత చేతికి వచ్చిన గ్రాట్యుటీలో కొంత భాగాన్ని, ఫోన్‌లో ‘బై’ అని పచ్చరంగులో కనిపించిన ఒక కంపెనీ షేర్లలో పెట్టాను. పన్నెండుమంది విశ్లేషకుల్లో తొమ్మిదిమంది కొనమన్నారని అందులో ఉంది. ఆరు నెలల్లో ధర మూడో వంతు పడిపోయింది. ఆ తొమ్మిదిమందిలో కొందరి నివేదికలు నేను కొన్న నాటికే ఎనిమిది నెలల పాతవని ఆ తరువాత తెలిసింది. ఎవరు, ఎప్పుడు, ఏ ధర దగ్గర ఆ మాట అన్నారో నేను చూడనే లేదు.

వ్యాపారి: మా పలాసలో డబ్ల్యూ 320 గ్రేడు అంటే పౌను (సుమారు 454 గ్రాముల) బరువుకు 300 నుంచి 320 వరకు తూగే తెల్లని గుండుపప్పు అని అర్థం. నమ్మకం లేకపోతే అక్కడికక్కడే తూకం వేసి లెక్కపెట్టుకోవచ్చు, ఏ ఊరి వ్యాపారికైనా ఆ అంకె అర్థం మారదు. ఈ రేటింగులు కూడా అలాంటివేనా, సార్?

చార్టర్డ్ అకౌంటెంటు: కాదండీ, చాలామంది పొరబడేది అక్కడే. మీ గ్రేడు కళ్లెదుట ఉన్న సరుకుకు కట్టినది, రేటింగు మాత్రం రాబోయే పన్నెండు నెలల మీద ఒక మనిషి చెప్పే అభిప్రాయం. పైగా ఆ మాటకు అర్థం సంస్థను బట్టి మారుతుంది. ఒక సంస్థ 15 శాతానికి మించి లాభం వస్తుందనుకుంటేనే ‘బై’ అంటుంది, మరొక సంస్థకు 10 శాతం చాలు. ‘ఔట్‌పెర్ఫార్మ్’ అంటే సెన్సెక్స్ లాంటి మార్కెట్ సూచీ కన్నా మెరుగ్గా ఉంటుందని మాత్రమే భావం. సూచీ 20 శాతం పడి, ఆ షేరు 12 శాతమే పడితే విశ్లేషకుడి మాట నెగ్గినట్టే, కానీ మదుపరి డబ్బు మాత్రం పోయింది. అందుకే ఆ పదాల నిర్వచనాలను నివేదికలోనే ఇవ్వాలని, వాటిని అంతటా ఒకే అర్థంలో వాడాలని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2014లో తెచ్చిన రీసెర్చ్ అనలిస్టుల నిబంధనలు చెబుతున్నాయి.

ఉపాధ్యాయిని: మరి ‘సెల్’ అనే మాట అంత అరుదుగా ఎందుకు కనిపిస్తుందండీ?

చార్టర్డ్ అకౌంటెంటు: అమ్మమని రాసిన విశ్లేషకుడికి ఆ కంపెనీ యాజమాన్యం మునుపటిలా సమయం ఇవ్వకపోవచ్చు. ఆ షేర్లను పెద్ద ఎత్తున పట్టుకున్న ఖాతాదారులూ నొచ్చుకుంటారు. ఆ కంపెనీ పబ్లిక్ ఇష్యూ పనులు అదే బ్రోకరేజీ గ్రూపు చేస్తుంటే ఒత్తిడి ఇంకా ఎక్కువ. ఇది ఊహ కాదు. ఇలాంటి ప్రయోజనాల ఘర్షణ మీదే 2003లో అమెరికాలో పది పెద్ద సంస్థలు దాదాపు 140 కోట్ల డాలర్లు చెల్లించి ఒప్పందానికి వచ్చాయి. కాబట్టి ‘హోల్డ్’ అని కనబడితే, మర్యాదగా చెప్పిన ‘సెల్’ కావచ్చునేమోనని నేను ఒకసారి అనుమానిస్తాను. ‘బై’ నుంచి ‘హోల్డ్’కు దించితే, ఎందుకు దించారో తప్పక చదువుతాను. రేటింగు కన్నా రేటింగు మారడంలోనే నాకు ఎక్కువ సమాచారం కనిపిస్తుంది.

వ్యాపారి: షేరు ఇంతకు చేరుతుందని విశ్లేషకులు చెప్పే టార్గెట్ ధర ఎలా కడతారో మా బోటివాళ్లకు తెలిసేలా చెప్పండి.

చార్టర్డ్ అకౌంటెంటు: లెక్క కోసం ఒక కంపెనీని అనుకుందాం. ఇప్పుడు షేరు 500 రూపాయలు. వచ్చే ఏడాది ఒక్కో షేరుకు 30 రూపాయలు ఆర్జిస్తుందని, మార్కెట్ ఆ ఆర్జనకు 20 రెట్ల ధర ఇస్తుందని విశ్లేషకుడు అనుకుంటే టార్గెట్ 600 అవుతుంది, 20 శాతం లాభం కనిపిస్తుంది కాబట్టి ‘బై’ అంటాడు. ఆర్జన 25 రూపాయలకే ఆగి, మార్కెట్ 16 రెట్లే ఇస్తే అదే షేరు 400. అంచనాలు రెండూ కాస్త కాస్త తగ్గితే చాలు, 20 శాతం లాభం 20 శాతం నష్టంగా మారింది. అందువల్ల నేను 600 అనే అంకెను పక్కన పెట్టి, ముందు ఆ 30 ఎక్కడి నుంచి వచ్చింది, ఆ 20 ఎందుకు అని వెతుకుతాను. కంపెనీ గత ఐదేళ్లలో ఎంత ఆర్జించింది, మార్కెట్ దానికి ఎన్ని రెట్లు ఇచ్చింది అన్నవాటితో ఆ అంచనాలను పోల్చి చూస్తే విశ్లేషకుడి ఆశ ఎంతో తేలిపోతుంది.

సమన్వయకర్త: ఆ లెక్కలకు మూలమైన కంపెనీ పద్దులే తప్పయితే?

చార్టర్డ్ అకౌంటెంటు: తెలుగువాళ్లం ఆ దెబ్బ దగ్గరగా చూశాం. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు రాసిన లేఖలో, పద్దుల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని ఉంది. ఆ ఒక్క రోజే షేరు నాలుగింట మూడొంతులకు పైగా పతనమైంది. ప్రచురించిన ఆ పద్దుల మీద అంచనాలు కట్టి ఇచ్చిన ఏ రేటింగూ మదుపరులను కాపాడలేదు. ఒకే కంపెనీలో పెద్ద మొత్తం పెట్టవద్దని నేను పట్టుబట్టేది అందుకే.

ఉపాధ్యాయిని: వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే టార్గెట్ల సంగతేమిటి?

చార్టర్డ్ అకౌంటెంటు: సెబీ దగ్గర నమోదైన రీసెర్చ్ అనలిస్టు నంబరు ఐఎన్‌హెచ్ అక్షరాలతో మొదలవుతుంది. ఆ నంబరును సెబీ వెబ్‌సైట్‌లో పేరుతో సరిచూసుకోండి. సరిపోలకపోతే ఆ సలహాను చదవనే వద్దు.

సమన్వయకర్త: టీచర్ గారు ఒక నివేదిక ప్రతి తెచ్చారు. దాన్ని ఎక్కడ మొదలుపెట్టి చదవమంటారు?

చార్టర్డ్ అకౌంటెంటు: చివరి పేజీ తిప్పండమ్మా. ఆ చిన్న అక్షరాల్లో సంస్థకు ఆ కంపెనీలో ఒక శాతం లేదా అంతకు మించి వాటా ఉందా, గత పన్నెండు నెలల్లో ఆ కంపెనీ నుంచి ఏమైనా ప్రతిఫలం అందిందా అన్నవి రాసి ఉండాలి.

ఉపాధ్యాయిని: (చదువుతూ) ‘గత పన్నెండు నెలల్లో ఈ కంపెనీ నుంచి మర్చంట్ బ్యాంకింగ్ సేవలకు ప్రతిఫలం పొందాము’ అని ఉందండీ.

చార్టర్డ్ అకౌంటెంటు: మర్చంట్ బ్యాంకింగ్ అంటే ఇందాక చెప్పిన పబ్లిక్ ఇష్యూ లాంటి పనులు చేసిపెట్టడం. అంతమాత్రాన అబద్ధం రాశారని అనలేం. ఆ సంబంధం లేని మరో సంస్థ ఇదే కంపెనీ మీద రాసిన నివేదికను తెచ్చి, రెండింటిలో ఒక్కో షేరు ఆర్జన అంచనా ఎంత ఉందో పక్కపక్కన రాయండి. తేడా ఎక్కడ మొదలైందో ఆ పేజీ నుంచి ఇద్దరం కూర్చుని చదువుదాం.