సెకనుకి రెండు చుట్లు

అందరికీ నమస్కారం. పెద్దల పేర్లన్నీ చదవమని చీటీ రాసిచ్చారు. చదువుతూ కూర్చుంటే సినిమాకి ఆలస్యమైపోతుంది, పెద్దలే మన్నించాలి.

'బాటిల్ ఆఫ్ ది సోమ్' గురించి రెండు మాటలు చెప్పమన్నారు. 1916 నాటి మూకీ. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లోని సోమ్ నది దగ్గర జర్మన్ల మీద బ్రిటిష్ సైన్యం చేసిన దాడిని జెఫ్రీ మాలిన్స్, జాన్ మెక్‌డోవెల్ అనే ఇద్దరు కెమెరామెన్ తీశారు. ఆగస్టులో లండన్‌లోనే 34 హాళ్లలో వేశారు. ఆరు వారాల్లో సుమారు 2 కోట్ల టికెట్లు తెగాయని అంచనా. చరిత్ర ఇంతే చాలు. నా బాధ వేరే ఉంది.

చాలా ఏళ్ల కిందట ఒక ఊళ్లో ఈ సినిమా చూపించారు. ఊరి పేరెందుకు లెండి. ఇందులో ఒక సైనికుడు గాయపడ్డ తోటివాణ్ణి వీపున వేసుకుని కందకంలోంచి మన వైపే వస్తాడు. ఆ మోసుకొచ్చిన మనిషి అరగంటలో చనిపోయాడని తెర మీద అక్షరాలు పడతాయి. ఆ రోజు ఆ సైనికుడు కీలుబొమ్మలా గెంతుకుంటూ వచ్చాడు. హాలు హాలంతా నవ్వింది. నా పక్కన కూర్చున్న పిల్లాడైతే చప్పట్లు కొట్టాడు.

పిల్లాణ్ణి ఏమంటాం? తప్పు ప్రొజెక్టర్‌ది. అప్పటి కెమెరాకి హ్యాండిల్ ఉండేది, చేత్తో తిప్పాలి. సెకనుకి రెండు చుట్లు, చుట్టుకి 8 ఫ్రేములు, మొత్తం 16. టాకీలొచ్చాక ప్రొజెక్టర్ 24కి మారింది. పాత రీలు అందులో వేస్తే ఒకటిన్నర రెట్లు పరుగు. మూకీ కాలంలో జనం అలాగే నడిచేవారని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారండీ! మీ తాతగారు అలా నడిచారా? చెప్పండి.

ఆ చేతి సంగతి వినండి. జులై 1, పొద్దున్న 7:20కి జర్మన్లున్న హాథార్న్ గుట్ట కింద పెట్టిన 18 టన్నుల పేలుడు మందు పేలాలి. మాలిన్స్ ముందే తిప్పడం మొదలెట్టాడు. పేలదే! డబ్బాలో ఫిల్మ్ అయిపోతుందేమోనని గుండె పీకుతోంది, ఆపితే ఆ క్షణం చేజారిపోతుంది. తిప్పుతూనే ఉన్నాడు. అప్పుడు నేల పైకి లేచింది. ఆ ఒక్క రోజే 19,240 మంది బ్రిటిష్ సైనికులు పోయారు.

కందకం ఎక్కి దాడికి దూకే షాట్ మాత్రం ఉత్తుత్తిదే, వెనక శిక్షణ బడిలో తీశారు. వీపుల మీద మూటల్లేవు, చూడండి. అదొక్కటీ పట్టుకుని సినిమా అంతా బూటకమనే మేధావులున్నారు. వాళ్లతో నాకు పని లేదు.

సికింద్రాబాద్‌లో నిలబడి ఇదీ చెప్పకపోతే ఎలా? అదే సోమ్‌లో జులై 14న సికింద్రాబాద్ అశ్వికదళ బ్రిగేడ్ హైవుడ్ అనే అడవి దగ్గర దాడి చేసింది. మన డెక్కన్ హార్స్ గుర్రపు దళం అందులోదే. అప్పటికే షూటింగ్ ముగిసింది. మనవాళ్లు ఇందులో లేరు.

ఎక్కడున్నాను? ఆ, ప్రొజెక్టర్. ఇవాళ 16లోనే వేస్తామని మాటిచ్చారు. నిన్న వేయించి చూశాను. మోసుకొచ్చే ఆ మనిషి కెమెరా వైపు చూస్తాడండీ. అంతకుముందు ఆ చూపు నాకు కనపడనేలేదు.

ఆపరేటర్ తమ్ముడూ, స్పీడు ఇంకోసారి చూసుకో నాయనా. పిల్లల్ని ముందు వరసలోకి రానివ్వండి. లైట్లు తీసేయండి.