పెట్టెకు తెలిసింది, మనకు తెలియలేదు

వేదిక మీది పెద్దలకు, గోడౌన్‌లో డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికి వచ్చిన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నమస్కారం.

ప్యాలెట్లకు, ఫోర్క్‌లిఫ్ట్‌లకు, కంటైనర్లకు సెన్సర్లు బిగించి నెట్‌కు కలపడం గురించి మాట్లాడమన్నారు. ‘ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్’ అనే పేరు 1999లో కెవిన్ ఆష్టన్ అనే బ్రిటిష్ టెక్నాలజీ నిపుణుడు పెట్టింది సరుకుల సరఫరా గురించి మాట్లాడుతూనే. అంటే అది మన పనిలోంచి పుట్టిన మాట. ఆయన చెప్పిన ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగుల్లో, అంటే సరుకుకు అంటించే రేడియో చీటీల్లో, చాలావాటికి బ్యాటరీ కూడా ఉండదు. వాటిని చదివే రీడర్ యంత్రం పంపే రేడియో తరంగాల నుంచే శక్తి తీసుకుని తమ నంబరు చెబుతాయి. ఫోర్క్‌లిఫ్ట్ గురించి కూడా రాసుకొచ్చాను. కానీ ముందు ఒక డ్రైవర్ సంగతి చెప్పాలి.

చాలా ఏళ్ళ కిందట టీకాల లోడు ఒకటి దించుకున్నాం. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన సరుకు. పెట్టెలో వేడి ఎంతుందో టైముతో సహా నమోదు చేసే డేటా లాగర్ ఉంది. కంప్యూటర్‌కు పెట్టి చూస్తే సున్నా కంటే కిందికి పోయింది. హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు గడ్డకడితే ఇక పనికిరావు. డ్రైవరే కూలింగ్ ఎక్కువ పెట్టాడన్నారు. ఆ ఫిర్యాదు మీద సంతకం నాదే.

వారం తర్వాత గ్రాఫ్‌లో టైము చూశాను. లారీ కదలడానికి గంట ముందే వేడి పడిపోయింది! ఐస్ ప్యాకులను ఫ్రీజర్‌లోంచి తీసి, ఊపితే లోపల ఐసు కదిలేదాకా బయట ఉంచాలి. అలా ఉంచకుండా నేరుగా పెట్టెలో పేర్చేశారు. తప్పు డాక్ దగ్గర, అంటే లారీకి సరుకు ఎక్కించే చోట, జరిగింది. అప్పటికే ఆ డ్రైవర్ అబ్బాయిని పనిలోంచి తీసేశారు. ఎంత వెతికినా మళ్ళీ దొరకలేదు.

లోడింగ్ చేసేవాళ్ళు ఒకసారి చేతులెత్తండి. ఇంతమంది ఉన్నారు కదా. పెట్టె చల్లబడిపోతోందని మీలో ఎవరి ఫోన్‌కైనా మెసేజ్ వస్తుందా? రాదు. ఆఫీసులో స్క్రీన్‌కు వెళ్తుంది. ఆ రాత్రి డాక్ దగ్గర ఒక్క బజర్ మోగి ఉంటే, మూత తీసి ప్యాకులు మార్చడం పది నిమిషాల పని.

ఇనుప కంటైనర్ లోపలినుంచి సిగ్నల్ సరిగా రాదు, బ్యాటరీ ఎన్నాళ్ళు వస్తుంది అని అడుగుతారు. నిజమైన ఇబ్బందులే. యాంటెన్నా బయట పెట్టొచ్చు, రీడింగ్‌లు దాచుకుని సిగ్నల్ దొరికినప్పుడు పంపొచ్చు. వాటికి ఇంజనీర్లు ఉన్నారు. అలారం ఎవరికి వెళ్ళాలన్నది మాత్రం మనం తేల్చుకోవాల్సిన విషయం.

ఫోర్క్‌లిఫ్ట్ సంగతి ఇంకోసారి చెబుతాను, టైము లేదు. ముందు వరసలో ఈ పరికరాలు కొనేవాళ్ళు కూర్చున్నారు. అయ్యా, మిమ్మల్ని రెండే అడుగుతున్నాను. మొదటి అలారం సరుకు ముట్టుకునే మనిషికి వెళ్ళాలి. లోడు దించగానే, ఎవరూ ఏ కాగితం మీదా సంతకం పెట్టకముందే, ఆ గ్రాఫ్ కాపీ ఒకటి డ్రైవర్ చేతికి ఇవ్వాలి.