మియాటాకు సెకండ్ హ్యాండ్ సస్పెన్షన్ కొనేటప్పుడు ఏమేం చూడాలి?

(తెరపై: బల్ల మీద నాలుగు పాత కాయిల్‌ఓవర్లు, పక్కనే విప్పి పెట్టిన ఒక స్ప్రింగు)

నమస్కారం. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పాత మాజ్డా మియాటా, అంటే రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు, ఒకటి కొనుక్కుని వారాంతాల్లో సరదాగా నడుపుకుంటున్నవారికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్నతోనే ఈ వీడియో మొదలుపెడుతున్నాను. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో కొత్త ధరలో మూడో వంతుకే కనిపిస్తున్న కాయిల్‌ఓవర్ల సెట్టు, అంటే స్ప్రింగు, డ్యాంపర్ ఒకటిగా కలిసి ఉండి ఎత్తు సర్దుకోగల సస్పెన్షన్, కొనవచ్చా? కొనవచ్చు. అయితే ఆ డబ్బు దేనికి ఇస్తున్నామో ముందుగా స్పష్టంగా తెలిసి ఉండాలి.

స్ప్రింగు కారు బరువును మోస్తుంది. గతుకు తగిలినప్పుడు ఆ స్ప్రింగు పైకీ కిందికీ ఊగుతూ ఉండిపోకుండా అణచేది డ్యాంపర్, అంటే మనం షాక్ అబ్జార్బర్ అని పిలిచే భాగం. మంచి ఉక్కుతో చేసిన స్ప్రింగు తుప్పు పట్టకుండా, విరగకుండా ఉన్నంతకాలం దాని గట్టితనం పెద్దగా మారదు. డ్యాంపర్ సంగతి అలా కాదు; అందులోని నూనె పాడవుతుంది, సీలు అరుగుతుంది, గ్యాస్ మెల్లగా తగ్గిపోతుంది. కాబట్టి పాత సెట్టుకు మీరు చెల్లించే సొమ్ములో అధిక భాగం ఆ నాలుగు డ్యాంపర్లలో ఇంకా మిగిలి ఉన్న ఆయుష్షుకే చెల్లుతుంది. మెరిసే రంగులకు, పెట్టె మీది బ్రాండు పేరుకు ఆ తరువాతి స్థానమే ఇవ్వాలి.

మొదట మీ కారు ఏ తరానిదో చూసుకోండి. 1989లో వచ్చిన మొదటి తరానికి ఎన్‌ఏ అని, ఆ తరువాత 2005 వరకు అమ్మిన రెండో తరానికి ఎన్‌బీ అని పేర్లు. ఈ రెండింటి డ్యాంపర్లు చాలావరకు ఒకదాని స్థానంలో మరొకటి బిగుస్తాయి. తేడా అంతా డ్యాంపర్ పై కొసను కారు బాడీకి బిగించే టాప్ మౌంట్లలో ఉంది. ఎన్‌బీ టాప్ మౌంటు డ్యాంపర్ పైకి కదలడానికి మరికొంత చోటు ఇస్తుంది కనుక ఎన్‌ఏ యజమానులు కూడా వాటిని వెతికి మరీ బిగించుకుంటారు. మూడో తరమైన ఎన్‌సీ నుంచి కింది నిర్మాణమే మారిపోయింది కాబట్టి ఆ భాగాలు పాత కార్లకు పనికిరావు. అమ్మే వ్యక్తి ‘మియాటా కాయిల్‌ఓవర్లు’ అని మాత్రమే రాసి ఊరుకుంటే, డ్యాంపర్ మీద ముద్రించిన పార్ట్ నంబరు ఫొటో పంపమని అడిగి, దాన్ని తయారీదారు కేటలాగుతో సరిచూసుకోవడం తప్పనిసరి. మీ కారు వేరేదైనా ఇదే పద్ధతి. ఏడో తరం ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ కుటుంబంలో ముందు స్ట్రట్టు (చక్రాన్ని నిలబెట్టే పని కూడా చేసే డ్యాంపర్) వ్యాసం కొన్ని కార్లకు 50 మిల్లీమీటర్లు, కొన్నింటికి 55 మిల్లీమీటర్లు ఉంటుంది. కొలవకుండా కొన్నవారికి ఇంటికి వచ్చాక గాని విషయం తెలియదు.

(తెరపై: డ్యాంపర్ కడ్డీ దగ్గరి దృశ్యం, దాని మీద గోరు జారుతూ ఉంటుంది)

ఇప్పుడు డ్యాంపర్‌ను చేతిలోకి తీసుకుందాం. రబ్బరు తొడుగును పైకి జరిపి, మెరిసే క్రోమ్ కడ్డీ పొడవునా గోటిని జార్చండి. ఎక్కడైనా గోరు తట్టుకుంటే అక్కడ తుప్పు గుంటో, గీతో ఉన్నట్టు లెక్క. కడ్డీ లోపలికీ బయటికీ తిరిగే ప్రతిసారీ ఆ గీత సీలును కోస్తూనే ఉంటుంది. ముఖ్యంగా కడ్డీ పై భాగం చూడండి. టాప్ మౌంటు నట్టు విప్పేటప్పుడు కడ్డీ తిరిగిపోకుండా కొందరు దాన్ని ప్లయర్లతో పట్టుకుంటారు. ఆ పళ్ల గుర్తులు కనిపించాయంటే మిగతా పనంతా కూడా అలాగే చేసి ఉంటారని నేను అనుమానిస్తాను. కడ్డీని పూర్తిగా బయటికి లాగి మెల్లగా తిప్పండి. వంకర ఉంటే కొన అటూ ఇటూ ఊగుతుంది. ప్రమాదానికి గురైన కారులోంచి తీసిన సెట్లలో ఒక మూల డ్యాంపర్ ఇలా వంగి ఉండటం అరుదేమీ కాదు.

సీలు చుట్టూ పలుచటి నూనె పొర కనిపిస్తే భయపడనక్కరలేదు. మట్టి అట్టకట్టేంతగా నూనె కారి ఉంటే మాత్రం ఆ డ్యాంపర్ పని అయిపోయినట్టే.

తరువాత కడ్డీని లోపలికి నొక్కి వదలండి. బిల్‌స్టీన్ వంటి మోనోట్యూబ్ (ఒకే గొట్టం గల) డ్యాంపర్‌లో అధిక పీడనంతో గ్యాస్ ఉంటుంది కాబట్టి కడ్డీ దానంతటదే నిదానంగా, ఒకే వేగంతో బయటికి రావాలి. అది లోపలే ఉండిపోతే గ్యాస్ పోయిందని అర్థం. ట్విన్‌ట్యూబ్ (గొట్టంలో గొట్టం ఉండే) రకానికి ఈ పరీక్ష వర్తించదు, ఎందుకంటే వాటిలో గ్యాస్ పీడనం తక్కువ, కొన్నింటిలో అసలే ఉండదు. వాటిని పడుకోబెట్టి ఉంచితే లోపలి గొట్టంలోకి గాలి చేరుతుంది కనుక, నిటారుగా నిలబెట్టి నాలుగైదుసార్లు పూర్తిగా నొక్కి లాగిన తరువాతే తీర్పు చెప్పాలి. అప్పటికీ కదలిక మొదట్లో ఏ ప్రతిఘటనా లేని ఖాళీ తగులుతుంటే నూనె తగ్గిందన్నమాట. సర్దుబాటు మీట ఉన్న రకమైతే ఒక చివరి నుంచి మరో చివరికి తిప్పుతూ క్లిక్కులు లెక్కపెట్టండి. ఎడమవైపుకూ కుడివైపుకూ లెక్క సరిపోవాలి.

స్ప్రింగుల విషయంలో అమ్మేవారి మాట కంటే స్ప్రింగు మీది అక్షరాలు నమ్మదగినవి. ఐబాక్ స్ప్రింగు మీద 0700.250.0500 అని ఉంటే అది ఏడు అంగుళాల పొడవు, రెండున్నర అంగుళాల లోపలి వ్యాసం, అంగుళానికి 500 పౌండ్ల గట్టితనం గలది. జపాన్ లెక్కలో అది మిల్లీమీటరుకు దాదాపు 8.9 కిలోలు. అయితే ఈ అంకెను వేరే కారు అంకెతో నేరుగా పోల్చకూడదు. మియాటాలో డ్యాంపర్ డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని పైనా కిందా రెండు చేతులు పట్టుకునే నిర్మాణం) కింది చేతికి మధ్యలో బిగిసి ఉంటుంది కాబట్టి చక్రం కదిలినంత దూరం స్ప్రింగు కదలదు. ఉదాహరణకు చక్రం పది మిల్లీమీటర్లు లేచినప్పుడు స్ప్రింగు ఏడు మిల్లీమీటర్లే నలిగితే, చక్రం దగ్గర తెలిసే గట్టితనం స్ప్రింగు గట్టితనంలో సగానికి వస్తుంది, ఎందుకంటే ఆ నిష్పత్తిని వర్గం చేసి లెక్కించాలి. స్ట్రట్టు ఉన్న కారులో ఆ నష్టం చాలా తక్కువ. ముందు 700, వెనుక 400 పౌండ్ల స్ప్రింగులున్న సెట్టు రేస్ ట్రాక్ మనిషి వదిలించుకుంటున్నది. రోజూ ఆఫీసుకు వెళ్లే కారుకు అది శిక్ష.

ఏ సెట్టు కొనాలని నన్ను అడిగితే, చరిత్ర తెలియని ఖరీదైన కాయిల్‌ఓవర్ల కంటే చరిత్ర తెలిసిన సాదాసీదా డ్యాంపర్లనే ఎంచుకోమంటాను. దీనికి ఒక మంచి చోటు ఉంది. ఖాళీ మైదానాల్లో కోన్లు పెట్టి నడిపే ఆటోక్రాస్ పోటీలకు అమెరికా స్పోర్ట్స్ కార్ల క్లబ్బు ఎస్‌సీసీఏ పెట్టిన స్ట్రీట్ తరగతి నిబంధనల ప్రకారం షాక్ అబ్జార్బర్లు మార్చుకోవచ్చు గాని స్ప్రింగులు కంపెనీవే ఉండాలి. అందువల్ల అక్కడి పోటీదారులు అమ్మే కోనీ, బిల్‌స్టీన్ డ్యాంపర్లు సాధారణ స్ప్రింగులతోనే నడిచినవై ఉంటాయి. కోనీ స్పోర్ట్ అంటే పసుపు రంగు డ్యాంపర్. అందులో రీబౌండ్, అంటే డ్యాంపర్ సాగేటప్పటి నిరోధం, మాత్రమే సర్దుకోవచ్చు. అరుగుదలను కప్పిపుచ్చడానికి కొందరు ఆ సర్దుబాటును పెంచుకుంటూ పోతారు కాబట్టి, ఇప్పుడది ఏ స్థాయిలో ఉందో అడగండి. చివరి దాకా తిప్పేసి ఉంటే ఇక మిగిలింది లేదు. ఓలిన్స్ వంటివి విప్పి కొత్త సీళ్లు వేయించుకోవడానికి అనువైనవి, కనుక ధరలో ఆ ఖర్చు తగ్గించమని అడగవచ్చు. టీన్ జెడ్ శ్రేణిని విప్పి బాగుచేయడానికి వీలులేదు. అయితే పాడైన ఒక్క డ్యాంపర్‌నే విడిగా కొత్తది కొనుక్కోవచ్చు.

చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే న్యూజెర్సీ, షికాగో ప్రాంతాల సెట్లకు మరొక పరీక్ష అవసరం. ఎత్తు సర్దుబాటు చేసే కాలర్లు మర మీద స్పానరుతో తిరుగుతున్నట్టు వీడియో తీసి పంపమనండి. బిగుసుకుపోయిన కాలరును విడిపించబోయి మర పాడైతే ఆ డ్యాంపర్ ఎత్తు ఇక అంతే. న్యూజెర్సీలో 2010 నుంచి సొంత కార్లకు యాంత్రిక భద్రతా తనిఖీ లేదు; మీరు చూడకపోతే చూసేవారు ఎవరూ లేరని గుర్తుంచుకోండి.

బేరం కుదిరే ముందు చిన్న భాగాల ఖర్చు కూడా కలపండి. తొడుగు కింద ఉండి, డ్యాంపర్ చివరి దాకా నలిగినప్పుడు దెబ్బను ఆపే మెత్తటి దిమ్మె, అంటే బంప్ స్టాప్, పాతబడితే వేళ్ల మధ్య శనగపిండిలా రాలుతుంది. కదలిక తక్కువగా ఉండే మియాటాలో అది అలంకారం కాదు, సస్పెన్షన్‌లో పనిచేసే భాగమే. కొత్త బంప్ స్టాపులు, కొత్త టాప్ మౌంట్లు, అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయించడం) ఖర్చు, ఎన్నేళ్లుగానో కదలక తుప్పుతో బిగిసిపోయిన, ఆ కోణాలను సర్దే అలైన్‌మెంట్ క్యామ్ బోల్టులు, అన్నీ కలిపాక మొత్తం కొత్త సెట్టు ధరలో మూడింట రెండు వంతులు దాటితే నేనైతే కొత్తదే కొంటాను.

(తెరపై: జాకీ మీది కారు నేల మీదికి దిగుతుంది, తరువాత బోల్టు బిగింపు)

బిగించేటప్పుడు రబ్బరు బుష్‌లు ఉన్న బోల్టులను కారు జాకీ మీద వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. చక్రాల మీద బరువు పడిన తరువాతే చివరి బిగింపు ఇవ్వాలి, లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడి ఉండి త్వరగా చిరుగుతుంది. ఎత్తు ఖాయం చేసిన తరువాత అలైన్‌మెంట్ చేయించండి. చివరగా ప్రతి డ్యాంపర్ కడ్డీకి, తొడుగు కింద, ఒక ప్లాస్టిక్ జిప్ టై కట్టి సీలు దాకా జరిపి ఉంచండి. మీరు రోజూ తిరిగే దారిలో ఒకసారి నడిపి వచ్చి చూస్తే, ఆ టై ఎక్కడ ఆగిందో అంతవరకు డ్యాంపర్ నలిగిందని తెలుస్తుంది. అది ప్రతిసారీ బంప్ స్టాపు దాకా వెళ్తుంటే, సెట్టును నిందించే ముందు కాలర్లు తిప్పి కారును కొంత పైకి లేపి, మళ్లీ అలైన్‌మెంట్ చూపించండి.