కొలిమి పొగ మళ్ళీ మొహానికే ఎందుకు కొడుతోంది? గొట్టం కన్నా ముందు నోరు చూడండి

(చేతిలో మసి పట్టిన పైపు ముక్క. వెనక చల్లారిన కొలిమి.)

నమస్తే అండీ. ఇది 4 అంగుళాల పీవీసీ పైపు. బాత్రూం నీళ్ళు పోవడానికి వేస్తామే, అదే. దీని కొస చూడండి, ఎండలో పెట్టిన కొవ్వొత్తిలా ఎలా వాలిపోయిందో. గుంటూరు నుంచి ఒక తమ్ముడు దీన్ని తన కొలిమికి పొగగొట్టంగా పెట్టి, ఇలా అయ్యాక సంచిలో వేసుకుని మరీ తెచ్చి చూపించాడు. "అన్నా, పొగ పైకి పోయేదే కదా, దారి చూపిస్తే చాలనుకున్నాను" అన్నాడు. నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది. పీవీసీ 80 డిగ్రీలకే మెత్తబడుతుంది. కాలిందంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరి వదులుతుంది. బొగ్గు పొగ చాలదన్నట్టు అదొకటి.

సరే, పైపుదేముంది, మార్చుకోవచ్చు. నాకు చిరాకు తెప్పించేది ఆ మాట. "పొగ పైకి పోయేదే కదా."

పోదండీ. వెనకనుంచి ఎవరో ఒకరు నెడితేనే పోతుంది.

దసరాల్లో బెజవాడ దుర్గమ్మ దర్శనానికి ఇంద్రకీలాద్రి కొండ ఎక్కారా? వినాయకుడి గుడి దగ్గర లైన్లో కలిశాక మీరు నడవక్కర్లేదు. వెనకున్న జనం తోస్తుంటే కాళ్ళు వాటంతటవే ఎక్కేస్తాయి. పైనుంచి తాడేసి ఎవరూ లాగరు. పొగగొట్టం కూడా పొగను లాగదు. గది చుట్టూ ఉన్న చల్లగాలి బరువైనది, అది కిందికి దూరి తేలికైన పొగను పైకి తోస్తుంది. ఈ లైను సంగతి గుర్తు పెట్టుకోండి, వీడియో అంతా దీంతోనే నడిపిస్తాను. భక్తులను పొగతో పోల్చినందుకు అమ్మవారు నన్ను మన్నించాలి.

ఆ తోపుడు ఎంతో లెక్క వేద్దాం. బయట గాలి 35 డిగ్రీలుందనుకోండి. ఒక ఘనపు మీటరు గాలి దాదాపు 1,145 గ్రాములు తూగుతుంది. గొట్టంలో పొగ 150 డిగ్రీలుంటే అదే ఘనపు మీటరు 830 గ్రాములే. తేడా 315 గ్రాములు. గొట్టం 4 మీటర్ల ఎత్తుంటే ఆ తేడా నాలుగింతలవుతుంది, అంటే చదరపు మీటరుకు కిలోంపావు. వినడానికి బాగానే ఉంది గానీ, నీళ్ళ లెక్కలో చెప్పమంటే గ్లాసులో నీళ్ళను ఒక మిల్లీమీటరు పైచిలుకు లేపేంత బలం. అంతే! ఉన్నదే అంత. దాన్ని పాడు చేసుకోకపోవడమే మన పని.

మరి మనవాళ్ళు చేసే పనేమిటి? వంటింటి చిమ్నీ చూసి, కొలిమి మీద మూడడుగుల ఎత్తున పెద్ద హుడ్, అంటే బోర్లించిన గరాటు లాంటి రేకు, వేలాడదీస్తారు. నేనూ అదే చేశాను, దాచడమెందుకు. పటమటలో మా పెరట్లో కట్టిన మొదటి కొలిమికి 3 అడుగుల బై 3 అడుగుల హుడ్, దాని మీద 6 అంగుళాల గొట్టం. చూడ్డానికి గుడి గోపురంలా ఉండేది. మే నెల, పొద్దున్నే వెలిగించాను. పొగ హుడ్‌లోకి వెళ్ళింది, నాలుగు వైపుల నుంచీ వెనక్కి దొర్లింది, గోడ దాటి పక్కింటి డాబా మీదికి నడిచింది. అక్కడ పిన్నిగారు తెల్లగుడ్డ పరిచి గుమ్మడికాయ వడియాలు పెట్టి ఉన్నారు. సాయంత్రం ఒక పళ్ళెంలో నాలుగు వడియాలు పట్టుకుని వచ్చారు. "ఇవి నువ్వులు కావు నాయనా, నువ్వే తిను" అన్నారు. ఆవిడ మాట మెత్తన, చూపు మాత్రం సమ్మెట.

ఎందుకలా అయింది? లైనుకొద్దాం. క్యూలైను బారికేడ్లు ఒకచోట విరిగాయనుకోండి. పక్కనుంచి వచ్చినవాడల్లా దూరుతుంటాడు. అసలు లైన్లో ఉన్నవాళ్ళు ఉన్నచోటే ఉండిపోతారు. పెద్ద హుడ్ అంటే విరిగిన బారికేడే. మూడడుగుల హుడ్ నోరు 1,296 చదరపు అంగుళాలు. కొలిమి పొగ వచ్చేది నడుమ జానెడు మేరలోంచి. మిగతా మేరంతా గదిలోని మామూలు గాలి దూరుతుంది. పని లేదు, పాట లేదు, గొట్టంలో చోటు మాత్రం కావాలి. పైగా పొగను చల్లారుస్తుంది. 150 ఉండాల్సింది 60 డిగ్రీలకు పడిందంటే, బయటి గాలితో తేడా ఘనపు మీటరుకు 85 గ్రాములే. 4 మీటర్ల గొట్టంలో 340 గ్రాముల తోపుడు. కిలోంపావు ఎక్కడ, ఇది ఎక్కడ!

కాబట్టి గొట్టానికి శత్రువు పొగ కాదు, పిలవకుండా వచ్చే చల్లగాలి. హుడ్ ఎంత పెద్దదైతే అంత ఎక్కువ పొగ పడుతుందనుకోవడం పూర్తిగా తిరగేసిన లెక్క.

(కెమెరా కొలిమి పక్కనున్న ఇనప పెట్టె దగ్గరికి)

ఇదిగో, ఇప్పుడు వాడుతున్నది. పైన ఏమీ లేదు చూడండి, ఆకాశమే. నిప్పుగుంట పక్కన నిలబెట్టిన పెట్టె ఇది. 3 మిల్లీమీటర్ల ఎం.ఎస్. (మామూలు ఉక్కు) ప్లేటు, వెడల్పు 14, లోతు 14, ఎత్తు 24 అంగుళాలు. నిప్పు వైపు ఒకటే నోరు: 12 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల ఎత్తు. నోటి కింది అంచు నిప్పుగుంట అంచుకు రెండంగుళాలు పైన. నిప్పు నడుమ నుంచి నోటికి ఏడంగుళాలు. పెట్టె నెత్తిన 12 అంగుళాల గొట్టం.

నోరు 108 చదరపు అంగుళాలు, గొట్టం 113. దాదాపు సమానం. లోపలికి వచ్చేవాళ్ళకు, పైకి పోయేవాళ్ళకు ఒకే వెడల్పు దారి. నోరు చిన్నది కాబట్టి అక్కడ గాలి జోరుగా పోతుంది. పొగ పైకి లేచే లోపే పక్కకు మళ్ళుతుంది.

నమ్మరా? అగరబత్తి చూడండి.

(దగ్గరగా: అగరబత్తి పొగ)

నిప్పు లేదు. పెట్టెలో ఒక పాత పేపరు కాల్చాను, అంతే. అగరబత్తిని నోటికి అడుగు దూరంలో పట్టుకుంటే పొగ నిటారుగా పోతోంది. అర అడుగుకు తెస్తే తల వంచింది. నాలుగంగుళాలకు... అదిగో, దారం సూదిలోకి దూరినట్టు అడ్డంగా లోపలికి. కొత్తగా కట్టినవాళ్ళు బొగ్గు వేసే ముందు ఈ పరీక్ష చేయండి. అగరబత్తి పొగ మళ్ళని చోట బొగ్గు పొగా మళ్ళదు.

ఇంకో లాభం, తలకు తగిలే హుడ్ ఉండదు. పొడుగు గడ్డపారను ఎటైనా తిప్పుకోవచ్చు.

ఇక గొట్టం లావు. "6 అంగుళాలవి రెండు వేస్తే 12 అయిపోతుంది కదన్నా" అని అడుగుతారు. కాదు తమ్ముడూ. 6 అంగుళాల గొట్టం నోరు 28 చదరపు అంగుళాలు, 12 అంగుళాలది 113. రెండు కాదు, నాలుగు కావాలి. పైగా సన్న గొట్టం గోడలకు రాసుకునే పొగ ఎక్కువ. బుల్లి కొలిమికి 10 అంగుళాలు చాలు, దానికి తగ్గట్టు నోరూ 8 బై 9కి తగ్గించండి. అంతకన్నా కిందికి దిగొద్దని నా మాట. ఆటోనగర్‌లో రేకు రోలింగ్ చేసేవాళ్ళకు సైజు చెబితే చుట్టి ఇస్తారు. 18 గేజి ఎం.ఎస్. రేకు తీసుకోండి. జీఐ రేకు, అంటే జింకు పూత పూసిన రేకు, చవకని పెట్టెకు కూడా అదే వాడకండి. జింకు 419 డిగ్రీలకు కరుగుతుంది, 907కు మరుగుతుంది. నిప్పు పక్కన ఆ వేడి మామూలే. ఆ తెల్ల పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం. పై భాగంలో, పొగ చల్లబడ్డాక, జీఐ ఉంటే ఉండనివ్వండి.

ఇక్కడ కొందరు పెద్దవాళ్ళు అడ్డుపడతారు. "మా ఊరి కమ్మరి కొలిమికి గొట్టమే లేదు, ఆయన బతకలేదా?" అని. ఆయన కొలిమి నాలుగు వైపులా తెరిచిన పాకలో, వేపచెట్టు కింద ఉండేది. కాల్చింది కట్టెబొగ్గు. అందులో పొగ పుట్టించే సరుకు బొగ్గు చేసేటప్పుడే పోయి ఉంటుంది. మనం కాల్చేది రాతిబొగ్గు. మనకు దగ్గర్లో దొరికే సింగరేణి బొగ్గు కోకింగ్ రకం కూడా కాదు. ముద్దకట్టి కోక్‌గా మారదు, కొత్త ముక్క వేసిన ప్రతిసారీ పొగ. ఆయనతో మనకు పోటీ లేదు. కాకపోతే ఒకటి. పొగ కనపడకపోయినా కట్టెబొగ్గు కూడా కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, వికారం అనిపించిన మరుక్షణం బయటికి రండి. షట్టర్ దించుకుని కొలిమి పని చేసేవాళ్ళున్నారు. వాళ్ళకు గొట్టం పెట్టినా లాభం లేదు. లోపలికి గాలి రాకపోతే వెనకనుంచి నెట్టేదెవరు? కొండ కింద జనమే లేకపోతే లైను కదులుతుందా?

ఇప్పుడు ఓం టర్నింగ్. ఘాట్ రోడ్డు మీద లైను అక్కడ నెమ్మదిస్తుంది కదా? గొట్టంలో 90 డిగ్రీల వంపు అంటే అదే. శ్లాబు పగలగొట్టడం ఇష్టం లేక చాలామంది గోడలోంచి అడ్డంగా బయటికి తీసి, అక్కడ పైకి తిప్పుతారు. రెండు ఓం టర్నింగులు! ఉన్న ఒక్క మిల్లీమీటరు నీళ్ళ బలం అక్కడే ఖర్చు. తప్పకపోతే 45 డిగ్రీల వంపులు రెండు వేయండి, అడ్డంగా పోయే ముక్క వీలైనంత పొట్టిగా ఉంచండి. శ్లాబు మాత్రం ఇంజనీరును అడగకుండా కోయొద్దు. అసలు పక్కలు తెరిచిన రేకుల షెడ్డు అయితే ఈ గొడవే లేదు.

ఎత్తు. నిప్పు నుంచి కొన దాకా 4 మీటర్లు తక్కువలో తక్కువ. దాంతోపాటు చుట్టూ 10 అడుగుల లోపు ఏ కప్పు, ఏ ట్యాంకు ఉన్నా దానికన్నా 2 అడుగులు పైకి పోవాలి. లేకపోతే గాలి పక్కింటి వాటర్ ట్యాంకును గుద్దుకుని సుడి తిరిగి మీ గొట్టంలోకే దిగుతుంది. మూడంతస్తుల బిల్డింగుల నడుమ ఇరుక్కున్న పెరడైతే, నిజం చెబుతున్నాను, రాతిబొగ్గు మానేయండి. గ్యాస్ కొలిమి పెట్టుకోండి.

(ఫోను వైపు చూసి) బ్యాటరీ 12 శాతం. గబగబా చెప్పేస్తాను.

టోపీ. వాన పడుతుందని గొట్టం మీద పళ్ళెం బోర్లించినట్టు మూతేస్తారు. దర్శనం అయ్యాక దిగే దారి మూసేస్తే లైను ఎక్కడ ఆగుతుంది? కింద వినాయకుడి గుడి దగ్గర. టోపీ వద్దు. 13 అంగుళాల గొట్టం ముక్క, 4 అడుగులది, కొన మీద తొడుగులా బిగించండి, కింద అర అడుగు అసలు గొట్టాన్ని కప్పాలి. వాన ఏటవాలుగా పడుతుంది కాబట్టి తొడుగు గోడకు తగిలి సందులోంచి బయటికి కారిపోతుంది. కాస్త లోపలికి వచ్చినా పెట్టె అడుగున చిన్న కన్నం ఉంచండి. నీళ్ళు నిలిస్తే మసిలోని గంధకంతో కలిసి రేకును తినేస్తాయి. పావురాలు దూరతాయని సన్న జాలీ వేయకండి, నెలకే మసితో మూసుకుపోతుంది.

గొట్టం పడిపోకుండా మూడు వైపులా లాగి కట్టే స్టే వైర్లు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నా గొట్టానికి రెండే వైర్లున్నాయి. ఎటు వాలిందో చెప్పక్కర్లేదు. పిన్నిగారి వైపే.

గొట్టం నుంచి 18 అంగుళాల లోపు అంటుకునేది ఏదీ ఉండకూడదు. తాటాకు, కర్ర దూలం, ఎండకని కట్టే గ్రీన్ నెట్. ముఖ్యంగా గ్రీన్ నెట్! ఒక్క రవ్వ చాలు. ఆస్‌బెస్టాస్ రేకుల్లో కన్నం పెట్టాలంటే ఎండు కోత వద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు విషం. ఆ ఒక్క రేకు తీయించి ఇనప రేకు వేయించండి.

పెట్టె అడుగున తలుపు ఉంచి మసి తీస్తుండండి. బ్యాటరీ 9 శాతం.

వెలిగించడం. ఇది దసరాల్లో కొండ మీద జనం పోటెత్తే మూలా నక్షత్రం రోజు లెక్క, మొదటి పది నిమిషాలే అసలు రద్దీ. పొగ ఎక్కువ, గొట్టం చల్లగా ఉంటుంది. ఇటుకతో కట్టినదైతే రాత్రంతా చల్లారి, పొద్దున బయటి గాలి కన్నా లోపలి గాలే బరువుగా ఉండొచ్చు. అప్పుడు లైను కిందికి నడుస్తుంది. అందుకే ముందు పెట్టె నోట్లో రెండు పేపర్లు కాల్చి గొట్టాన్ని వేడెక్కించండి, ఆ తర్వాతే బొగ్గు. కొత్త బొగ్గు నిప్పు మీద కుమ్మరించకుండా అంచున పేర్చి మెల్లగా లోపలికి జరపండి. దాని పొగ మంటలోంచి పోతూ చాలావరకు అక్కడే కాలిపోతుంది.

బ్లోయరు, అంటే గాలిగొట్టంలోంచి కొలిమికి గాలి ఊదే ఫ్యాను, పూర్తిగా ఆపేసి టీకి వెళ్ళకండి. బొగ్గు గ్యాస్ వెనక్కి గాలిగొట్టంలోకి దిగి, మళ్ళీ వేయగానే ఢామ్మంటుంది. సన్నగా తిరగనివ్వండి, లేదా గాలిగొట్టాన్ని కొలిమి నుంచి విడదీయండి.

(గోడ మీదుగా తొంగి చూసి) పిన్నిగారూ! వడియాలు తీసేశారా? ... తీసేశారట. పేపరు అంటిస్తున్నాను.