పోర్క్ రోస్ట్ మెత్తగా రావాలంటే

శ్రోతలందరికీ నమస్కారం.

ఈరోజు పోర్క్ రోస్ట్ గురించి మాట్లాడుకుందాం. పెద్ద మాంసం ముక్కను కొయ్యకుండా అలాగే ఒవెన్‌లో పెట్టి, నిదానంగా కాల్చి, వడ్డించేటప్పుడు మాత్రమే కోసే వంట ఇది. పక్కన నిలబడి గరిటె తిప్పే పని లేదు, నూనెలో వేయించే పని లేదు. చూస్తే ఇంతకంటే తేలికైన వంట ఉండదనిపిస్తుంది. అయినా చాలా ఇళ్లలో ఇది ఎండిపోయి, పీచుపీచుగా వస్తుంది. నాలుగు ముద్దలు నమిలేసరికి దవడలు నొప్పెడతాయి. పోర్క్ అంటే ఇంతేలే అని సరిపెట్టుకుంటారు. ఇంతే కాదండీ. మంచి పోర్క్ రోస్ట్ కోయడానికి కత్తి కూడా అక్కర్లేదు, ఫోర్క్ గుచ్చితే విడిపోతుంది.

ముందుగా ఒక్క మాట. ఆ తర్వాత నేను ఏం చెప్పినా దీని చుట్టూనే తిరుగుతుంది. నడుము వైపు ముక్క, అంటే లాయిన్, గట్టిగా వచ్చిందంటే మితిమీరి ఉడికిందని అర్థం. భుజం ముక్క గట్టిగా వచ్చిందంటే ఇంకా ఉడకలేదని అర్థం. మళ్లీ చెబుతున్నాను. లాయిన్ గట్టిగా ఉంటే ఎక్కువైంది. భుజం గట్టిగా ఉంటే చాల్లేదు.

ఎందుకిలా? నడుము దగ్గరి కండకు పెద్దగా శ్రమ ఉండదు. అందులో కొవ్వు తక్కువ, నరాల్లాంటి గట్టి పోగులూ తక్కువ. లోపల వేడి 63 డిగ్రీల సెల్సియస్‌కు రాగానే బయటికి తీసి, కనీసం మూడు నిమిషాలు ఆగి కోసుకోవచ్చు. వెనకటి రోజుల్లో 71 డిగ్రీలు దాటాలనేవారు. అమెరికా వ్యవసాయ శాఖ 2011లో ఆ లెక్కను 63కు తగ్గించింది. పందిమాంసంలో ఉండే పురుగు గురించి చాలామందికి భయం. ఆ వేడికి అది బతకదు. కోసినప్పుడు మధ్యలో కాస్త గులాబీ రంగు కనిపించినా కంగారుపడక్కర్లేదు. రంగు చూసి ఉడికిందో లేదో చెప్పలేం, లోపలి వేడే చెప్పాలి. లాయిన్ గురించి ఇంతవరకు చాలు.

నాకు ఇష్టమైనది భుజం. జంతువు బరువు మోసేది, నడిచేది ఆ భుజంతోనే కాబట్టి అక్కడి కండల్ని కట్టిపట్టి ఉంచే పోగులు చాలా ఉంటాయి. వాటిలో ఉండేది కొల్లాజెన్ అనే పదార్థం. పచ్చిగా ఉన్నప్పుడు అది తాడులా గట్టిగా ఉంటుంది. 70 డిగ్రీలు దాటిన వేడిలో చాలాసేపు ఉంచితే మెల్లమెల్లగా కరిగి జెలటిన్ అవుతుంది. రోస్ట్ నోట్లో పెట్టుకోగానే జిగురుగా, నిండుగా అనిపించేది ఆ జెలటిన్ వల్లే. అయితే దానికి వేడి ఒక్కటే చాలదు, టైమ్ కూడా కావాలి.

సరే, రెండు కిలోల భుజం ముక్క తీసుకుందాం. ఎముక తీసేసింది. పని ముందురోజు రాత్రే మొదలవుతుంది. కిలోకు 12 నుంచి 15 గ్రాముల ఉప్పు తూచి, ముక్క నలుమూలలా పట్టించండి. ఉప్పును మాత్రం కంటి అంచనాతో వెయ్యకండి, తూచండి. దంచిన మిరియాలు కూడా రాయండి. అక్కడక్కడ కత్తిమొనతో గాట్లు పెట్టి వెల్లుల్లి రెబ్బలు లోపలికి దూర్చండి. పైనే ఉంటే అవి మాడి చేదవుతాయి. ముక్కను పళ్లెంలో పెట్టి, మూత లేకుండా, ఫ్రిజ్‌లో అన్నిటికంటే కింది అరలో ఉంచండి.

ఆ రాత్రంతా ఏం జరుగుతుంది? మొదట ఉప్పు లోపలి నీటిని పైకి లాగుతుంది. ఆ నీళ్లలో తను కరిగి, మళ్లీ నెమ్మదిగా మాంసంలోకి దిగుతుంది. లోపలి ప్రొటీన్లను కాస్త వదులు చేస్తుంది. అలా వదులైన కండ ఒవెన్‌లో నీటిని బాగా పట్టి ఉంచుకుంటుంది. పైభాగమేమో ఆరిపోతుంది. ఆరిన పైభాగమే తర్వాత చక్కగా ఎర్రబడుతుంది. పొద్దున్నే హడావిడిగా పైపైన ఉప్పు చల్లితే ఇవేవీ జరగవు.

మర్నాడు ఒవెన్‌ను 150 డిగ్రీలకు వేడి చేయండి. లోతైన ట్రేలో ఉల్లిపాయ చక్రాలు పరిచి, ఒక గ్లాసు నీళ్లు పోసి, కొవ్వు వైపు పైకి వచ్చేలా ముక్కను పెట్టండి. ముందుగా పెనం మీద నాలుగు వైపులా కాల్చాలి, అప్పుడే రసం లోపల ఉండిపోతుంది అని చెబుతుంటారు. ఈ మాటను 19వ శతాబ్దంలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త యుస్టుస్ ఫాన్ లీబిగ్ బాగా ప్రచారంలోకి తెచ్చాడు. అది నిజం కాదని తర్వాత తేలింది. కాల్చితే వచ్చేది రుచి, కమ్మని వాసన. ఆ పని చివర్లో చేద్దాం.

మొదట్లో లోపలి వేడి చకచకా పెరుగుతుంది. 40, 50, 60. ఇంకాసేపట్లో అయిపోతుంది అనిపిస్తుంది. 70 దగ్గరికి వచ్చేసరికి నడక మందగిస్తుంది. అంకె కదలదు. అరగంట చూసినా ఒకటి రెండు డిగ్రీలే. చుట్టాలు వచ్చే టైమ్ అవుతుంటుంది, ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. సరిగ్గా ఇక్కడే ఎక్కువమంది మంట పెంచేస్తారు. లేదా ఒక ముక్క కోసి రుచి చూసి, గట్టిగా ఉందే, ఎక్కువ ఉడికినట్టుందే అని బయటికి తీసేస్తారు. అది ఎక్కువ ఉడకలేదు. కొల్లాజెన్ ఇంకా కరగలేదు, అంతే.

వేడి అక్కడ ఆగడానికి కారణం ఉంది. లోపలి తేమ పైకి వచ్చి ఆవిరవుతుంటుంది. చెమట పట్టిన ఒంటికి గాలి తగిలితే చల్లబడినట్టు, ఆ ఆవిరి మాంసాన్ని చల్లబరుస్తుంటుంది. ఒవెన్ ఇచ్చే వేడి ఒకవైపు, ఆవిరి పట్టుకుపోయే వేడి ఒకవైపు. తొందరపడొద్దు. ట్రేకి గట్టి మూత గానీ అల్యూమినియం ఫాయిల్ గానీ సందు లేకుండా బిగించండి. ఆవిరి బయటికి పోలేదు, వేడి మళ్లీ పైకి కదులుతుంది. 80 దాటినా ఆపకండి. 85 దాటినా ఆపకండి. 90కీ 95కీ మధ్యకు రానివ్వండి.

ఎన్ని గంటలు అని అడుగుతారు. రెండు కిలోలకు నాలుగు గంటలు, అటూఇటూగా. కచ్చితంగా చెప్పలేం, ఎందుకంటే టైమ్ ముక్క బరువు కంటే మందాన్ని బట్టి మారుతుంది. బల్లపరుపుగా ఉన్న రెండు కిలోలు, ముద్దలా ఉన్న రెండు కిలోలు ఒకేసారి ఉడకవు. అందుకే గడియారాన్ని నమ్ముకోవద్దంటాను. ఇంత దూరం వచ్చాక నేను కోరేది ఒక్కటే, మాంసంలో గుచ్చే థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. ఖరీదైన కత్తుల కంటే, రకరకాల మసాలాల కంటే అది ఎక్కువ పనికొస్తుంది. ముక్క బాగా మందంగా ఉన్నచోట, సరిగ్గా మధ్యకు గుచ్చండి. ఎముక ఉంటే దానికి తగలకూడదు, కొవ్వు పొరలోనూ ఆగకూడదు. 90 దాటాక గుచ్చినప్పుడు అది అడ్డు లేకుండా మెత్తగా దిగుతుంది. ఆ తేడా చేతికే తెలుస్తుంది.

అప్పుడు మూత తీసి, ఒవెన్‌ను 220కి పెంచి, పది పదిహేను నిమిషాలు ఉంచండి. దగ్గరే ఉండి చూసుకోండి. పైన ఎర్రగా, కరకరలాడేలా వస్తుంది. ఆ రంగు వెనకున్న రసాయన చర్యను ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామీ మయ్యార్ 1912లో వివరించాడు, అందుకే దానికి ఆయన పేరే ఉంది. నాకైతే ఆ అంచు ముక్కే కావాలి, అది ఎవరికీ ఇవ్వాలనిపించదు.

బయటికి తీశాక అరగంట ఆగండి. ఈలోగా ట్రేలోని రసం మీద తేలిన కొవ్వు తీసేసి, కాసిని వేడినీళ్లు పోసి అడుగు గీకి, మరిగించండి. కొద్దిగా నిమ్మరసం పిండండి. ఉప్పు మాత్రం రుచి చూశాకే వెయ్యండి, మాంసంలోంచి దిగిన ఉప్పు అందులో ఇప్పటికే ఉంటుంది. భుజాన్ని ఫోర్కులతో విడదీసి ఆ రసంలో కలపండి. లాయిన్ అయితే పోగులకు అడ్డంగా, పల్చగా కోయండి.

మిగిలితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. ఆ రసంతో కలిపే పెట్టండి. చల్లారాక రసం జెల్లీలా గడ్డకడుతుంది, పాడైందనుకుని పారేయకండి. అది మీరు నాలుగు గంటలు ఓపిక పట్టి కరిగించిన జెలటినే. మర్నాడు మూతపెట్టి సన్నని సెగ మీద ఆవిర్లు వచ్చేదాకా బాగా వేడి చేస్తే మళ్లీ కరిగి మాంసానికి పడుతుంది.

సెలవు. నమస్కారం.