కారు లాగేసుకున్న పావుగంట

నమస్కారమండీ. బెంగళూరులో కుందలహళ్ళి, హూడి, మహదేవపుర చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్ళతో ఇవాళ ఒక చిన్న లెక్క వేయించాలి. లిఫ్టులో బేస్‌మెంట్‌కి దిగి కారెక్కుతాం. ఆఫీసు బేస్‌మెంట్‌లో దిగి మళ్ళీ లిఫ్టెక్కుతాం. ఈ మధ్యలో నడిచింది ఎన్ని నిమిషాలు?

పెద్దవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం కావాలంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. నడకలో ఆ వేగానికి ఒక గుర్తుంది: మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. కారు బదులు మెట్రోలో వెళ్తారనుకుందాం: ఇంటి నుంచి పర్పుల్ లైన్ మెట్రో స్టేషన్‌కి నడక 8 నిమిషాలు, ఎంజీ రోడ్డులో దిగాక ఆఫీసుకి 7. రానూపోనూ 30. ఐదు రోజులకి సరిగ్గా 150! జిమ్ము కోసం వేరే టైం వెతుక్కోనక్కర్లేదు. షుగరు, బీపీ ఉన్న ఇళ్ళలో ఇది చిన్న విషయం కాదండీ.

"నడవడానికి దారేదీ?" అని అడుగుతారు. న్యాయమే. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రకారం ఫుట్‌పాత్‌కి అడ్డులేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి, ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు. టేపు తీసుకెళ్ళి మీ వీధిలో కొలవండి. మన దగ్గర చాలాచోట్ల ఫుట్‌పాత్ అంటే కాలవ మీద పరిచిన రాతిపలకలే. ఒక పలక విరిగితే గొయ్యి, ఇంకాస్త ముందుకెళ్తే ట్రాన్స్‌ఫార్మర్.

అన్నిటికన్నా కాళ్ళని చంపేది గేట్లు. కారు సాఫీగా లోపలికి దూరాలని ప్రతి గేటు ముందూ ఫుట్‌పాత్ తెగ్గొట్టేస్తారు. దిగు, ఎక్కు, మళ్ళీ దిగు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడ రెండు గేట్లు దాటేసరికి విసిగి రోడ్డు మీదకి దిగిపోతుంది. పక్కనే వాటర్ ట్యాంకర్ హారన్ కొడుతుంది. మర్నాటి నుంచి ఆవిడ గుడికి కూడా కార్లోనే.

ఉండాల్సింది దీనికి తలకిందులుగా. ఫుట్‌పాత్ మట్టం మారకుండా సాగాలి, కారే రోడ్డు అంచున చిన్న వాలు ఎక్కి దాటాలి. రెసిడెన్సీ రోడ్డులో టెండర్‌ష్యూర్ అనే రోడ్ల పునర్నిర్మాణ పథకం కింద కట్టిన ఫుట్‌పాత్ మీద ఒకసారి నడవండి, తేడా పాదాలకే తెలుస్తుంది. కేబుళ్ళకి కింద విడిగా గొట్టాలు వేశారు కాబట్టి తీగ మార్చాలన్నప్పుడల్లా తవ్వే పని ఉండదు.

మీ అపార్ట్‌మెంట్ గేటు ముందు ఎలా ఉందో ఈ సాయంత్రమే చూడండి. ఎత్తు, వెడల్పు, విరిగిన పలకలు ఎన్నో కాగితం మీద రాసి, ఫొటోతో అసోసియేషన్ మీటింగులో పెట్టండి. వార్డు ఇంజినీరు దగ్గరికి వెళ్ళేటప్పుడూ ఆ కాగితమే చేతిలో ఉండాలి.