బిడ్డకి ఫిట్స్ వస్తే తాళాలు వదిలేసి టైమ్ చూడండి

(దృశ్యం: విజయవాడలో ఒక ఇంటి హాలు. చాప మీద బిడ్డ సైజు బొమ్మ. పక్కన తాళాల గుత్తి, పైన గోడ గడియారం.)

బిడ్డకి ఫిట్స్ వస్తే మన ఇళ్ళలో చెయ్యి ముందు తాళాల కోసమే వెళ్తుంది. గుత్తి చేతిలో పెట్టగానే తగ్గిందని అంటారు. నిజానికి చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి. తాళాలు వెతికి తెచ్చేసరికి ఆ టైమ్ గడిచిపోతుంది, పేరు తాళాలకి వస్తుంది. ఉల్లిపాయ వాసన చూపించడమూ అంతే.

ముందు గడియారం చూడండి. బిడ్డని నేల మీదే ఉంచి ఒక పక్కకి తిప్పండి. తల కింద మడిచిన తువ్వాలు పెట్టండి, మెడలో తాయెత్తు, కాలర్ బిగుతుగా ఉంటే వదులు చేయండి.

(క్లోజప్: పక్కకి తిరిగిన బొమ్మ మొహం. నోటి మూల నుంచి నీళ్ళు తువ్వాలు మీదకి జారుతున్నాయి.)

పక్కకి తిప్పేది ఇందుకే. చొంగ, వాంతి బయటికి పోవాలి, ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. నాలుక మింగేస్తారన్నది అపోహ. నోట్లో చెంచా పెడితే పళ్ళు విరుగుతాయి, వేలు పెడితే తెగుతుంది. పూర్తిగా తెలివి వచ్చేదాకా గుక్కెడు నీళ్ళు కూడా పోయొద్దు. కాళ్ళూ చేతులూ అదిమి పట్టుకోవద్దు.

5 నిమిషాలైనా ఆగకపోతే ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే (ఫిట్స్ ఆపే మందు) ఇచ్చి 108కి ఫోన్ చేయండి. స్ప్రే ఇంట్లో లేకపోతే వెంటనే 108. ఆగిన ఫిట్స్ తెలివి రాకముందే మళ్ళీ మొదలైనా, ఊపిరి సరిగ్గా ఆడకపోయినా అంతే. స్ప్రే మోతాదు డాక్టర్ బిడ్డ బరువుని బట్టి రాస్తారు, సాధారణంగా కిలోకి 0.2 మిల్లీగ్రాముల లెక్కన. 10 కిలోలప్పుడు రాసిన చీటీ 15 కిలోలప్పుడు చాలదు, అందుకే ప్రతి విజిట్‌లో బరువు చూపించి మళ్ళీ రాయించుకోండి. కొత్త సీసాని గాల్లోకి ఎన్నిసార్లు కొట్టాక మందు వస్తుందో కొన్నరోజే చదివి పెట్టుకోండి. 108 వాళ్ళకి బెంజి సర్కిల్ నుంచి మీ సందు దాకా దారి ఎలా చెప్పాలో ఒక కాగితం మీద రాసి గోడకి అంటించండి. కంగారులో మన ఇంటి నంబరే మనకి గుర్తురాదు.

ఇంకో మనిషి దగ్గరుంటే ఫోన్‌లో వీడియో తీయమనండి. మొహం, రెండు చేతులు, కాళ్ళు కనిపించాలి. కళ్ళు ఎటు తిరిగాయి, ఏ చెయ్యి ముందు కొట్టుకుంది అన్నది డాక్టర్‌కి చాలా పనికొస్తుంది.

(దృశ్యం: వంటింటి గట్టు. రెండు సిరప్ సీసాలు, ఒక స్టీలు చెంచా, సూది లేని కొలత సిరంజి.)

ఆ కొన్ని నిమిషాలకన్నా మిగతా రోజంతా మనం చేసే పనే పెద్దది. ఫిట్స్ మళ్ళీ రావడానికి ఎక్కువగా కనిపించే కారణం మందు తప్పిపోవడం. దాని తర్వాత జ్వరం, నిద్ర చాలకపోవడం.

ఈ రెండు సీసాలు చూడండి, రెండూ ఫిట్స్ రాకుండా రోజూ ఇచ్చే మందులే. వాల్‌ప్రోయేట్ సిరప్ సాధారణంగా 5 మి.లీ.కి 200 మిల్లీగ్రాములు. లెవెటిరాసెటమ్ 1 మి.లీ.కే 100, అంటే 5 మి.లీ.కి 500. మందు మారినప్పుడు పాత చెంచా అలవాటుతో పోస్తే లెక్క తలకిందులవుతుంది. సీసా మీద మిల్లీగ్రాములు చదవండి, సిరంజితోనే కొలవండి. వంటింటి చెంచాలు ఒక్కోటి ఒక్కో కొలత. రోజుకి రెండుసార్లు రాస్తే ఉదయం 8, రాత్రి 8. ఒక పూట మరిచిపోయారా? కాసేపట్లో గుర్తొస్తే ఇచ్చేయండి, తర్వాతి డోసు దగ్గర పడితే వదిలేయండి. రెండు డోసులు కలిపి ఇవ్వొద్దు. ఫిట్స్ రావట్లేదని మీరే మందు ఆపేస్తే ఆగకుండా వచ్చే ప్రమాదం ఉంది. సాధారణంగా రెండేళ్ళు ఫిట్స్ లేకుండా గడిచాకే డాక్టర్ నెలల తరబడి మెల్లగా తగ్గిస్తారు.

ఈఈజీకి (తలకి వైర్లు అంటించి మెదడు పనితీరు చూసే పరీక్ష) వెళ్ళేరోజు తలకి నూనె రాయొద్దు. ముందురోజే షాంపూతో తల రుద్దండి, జిడ్డుంటే వైర్లు అతుక్కోవు. రిపోర్టు నార్మల్‌గా వచ్చినంత మాత్రాన మూర్ఛ లేదని కాదు.

ఏలూరు కాలువ, బందరు కాలువ గట్ల మీద, కృష్ణ రేవుల్లో బిడ్డని ఒంటరిగా వదలొద్దు. స్నానం బకెట్‌తో, బాత్రూమ్ గడియ వేయకుండా. గాలిపటం డాబా మీద కాదు, మైదానంలో.

బడిలో టీచర్‌కి చెప్పండి. దాచిపెడితే ఇబ్బంది బిడ్డకే. పది సెకన్లు రెప్ప వేయకుండా చూస్తూ ఉండిపోయి, మళ్ళీ రాసుకోవడం మొదలుపెట్టే పిల్లలుంటారు. పరధ్యానం అని తిడతారు, అదీ ఒకరకం ఫిట్సే. పుస్తకాల సంచిలో ఒక చీటీ పెట్టండి: బిడ్డ పేరు, బరువు, మందు పేరు, మిల్లీగ్రాములు, 5 నిమిషాలు దాటితే ఏం చేయాలి, మీ రెండు ఫోన్ నంబర్లు.